వెన్నుపాములో ఏ నాడీకణం ఏదో గుర్తుపట్టడం ఎలా

ఎలుక వెన్నుపాము ముక్కని స్టెయిన్ చేసినప్పుడు ఒక్క మార్కర్ (కణం రకాన్ని చెప్పే ప్రోటీన్ లేదా జీన్) వెలిగిందని కణానికి పేరు పెట్టేయకండి. ఆ కణం ఎక్కడుంది, ఎలుక వయసెంత, రెండో మార్కర్ ఏం చెబుతోంది, ఈ మూడూ కలిస్తేనే నమ్మండి.

కండరాల్ని కదిలించే మోటార్ న్యూరాన్లతో మొదలుపెట్టడం తేలిక. ఎదిగిన ఎలుక లంబార్ (నడుము భాగం) సెక్షన్‌కి చాట్ (ChAT, ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే ఎంజైమ్) స్టెయినింగ్ చేస్తే పొట్టవైపు ఉండే వెంట్రల్ హార్న్‌లో పెద్ద పెద్ద కణాలు కనిపిస్తాయి, అవే ఇవి. అయితే వెన్నుపాము మధ్యలోని సన్నటి గొట్టం, అంటే సెంట్రల్ కెనాల్ పక్కన కూడా కొన్ని చాట్ కణాలుంటాయి, వాటిలో పిట్‌ఎక్స్2 (Pitx2) అనే ప్రోటీన్ ఉంటే అవి వీ0సీ (V0c) రకం, వెన్నుపాములోని ఇతర నాడీకణాలకి సంకేతాలిచ్చే ఇంటర్‌న్యూరాన్లు, మోటార్ లెక్కలో కలపకూడదు. ఇక మోటార్ న్యూరాన్లలో ఆల్ఫా (కండరాన్ని బిగించేవి), గామా (కండరంలోని సాగుడు సెన్సర్‌ని సరిచేసేవి) తేడా తెలియాలంటే సైజు ఒక్కటీ సరిపోదు, చాట్‌తో పాటు న్యూఎన్, ఇఆర్‌ఆర్3 (NeuN, Err3) అనే ప్రోటీన్లకి స్టెయిన్ కూడా వేయండి. ఆల్ఫాలో న్యూఎన్ గట్టిగా, ఇఆర్‌ఆర్3 తక్కువగా ఉంటాయి, గామాలో దానికి తిరగేసి. న్యూఎన్ ఒక్కదాన్నే నమ్ముకుని ఏఎల్ఎస్ (మోటార్ న్యూరాన్లు చచ్చిపోయే జబ్బు) ఎలుకల్లో కణాలు లెక్కపెడితే గామాలు చాలావరకు జారిపోతాయి, ఇది చిన్న పొరపాటు కాదు.

ఇంటర్‌న్యూరాన్లకి పిండం దశే మంచిది. ఒక్కో రకానికి మార్కర్ ఇదీ: వీ1కి ఎన్1 (En1), వీ2ఏకి సీహెచ్‌ఎక్స్10, వీ2బీకి గాటా3, వీ3కి సిమ్1. పుట్టాక ఎన్1 తగ్గిపోతుంది కాబట్టి ఎన్1-క్రే ఎలుకని (ఎన్1 పనిచేసే కణాల్లో క్రే అనే ఎంజైమ్ తయారయ్యేది), క్రే తగిలిన కణాన్ని శాశ్వతంగా ఎర్రగా వెలిగించే టీడీటొమాటో రిపోర్టర్‌తో క్రాస్ చేసి చూస్తారు. ఆ ఎరుపు చెప్పేది ఆ జీన్ ఎప్పుడో ఒకప్పుడు పనిచేసిందని మాత్రమే, ఇప్పుడు పనిచేస్తోందని కాదు, ఫిగర్ కింద ఆ మాట స్పష్టంగా రాయండి. వీ1లోంచి వచ్చే, మోటార్ న్యూరాన్లని అదుపుచేసే రెన్షా కణాలకి కాల్షియం పట్టుకునే ప్రోటీన్ కాల్‌బిండిన్ వాడొచ్చు, కానీ వీపువైపు ఉండే డోర్సల్ హార్న్‌లోనూ కాల్‌బిండిన్ బోలెడుంటుంది, అందుకని వెంట్రల్ హార్న్ అడుగున, మోటార్ ఆక్సాన్లు బయటికి వెళ్లే చోటికి దగ్గర్లో ఉన్నవాటినే తీసుకోండి.

డోర్సల్ హార్న్‌లో నిరోధక కణాలకి పాక్స్2, ఉత్తేజక కణాలకి ఎల్ఎమ్ఎక్స్1బీ. రెండూ న్యూక్లియస్‌లోనే ఉంటాయి కాబట్టి లెక్కపెట్టడానికి టెన్షన్ ఉండదు. ఉత్తేజక కణాల్లో ఉండే వీగ్లూట్2 ప్రోటీన్ యాంటీబాడీతో మాత్రం ఈ పని చేయకండి, ఆ ప్రోటీన్ ఆక్సాన్ చివర్లలో పేరుకుంటుంది, కణదేహం దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. దానికి వీగ్లూట్2 జీన్ అయిన ఎస్ఎల్‌సీ17ఏ6 ఆర్‌ఎన్‌ఏని కణజాలంలో ఉన్నచోటే ఆర్‌ఎన్‌ఏని గుర్తించే ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తో చూడాలి.