ఇంగ్లిష్‌లో పొడవాటి సైన్సు పదాల్ని తడబడకుండా పలకడం ఎలా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేసే ఎవర్ని అడిగినా రొయ్యల్ని పట్టే ఈహెచ్‌పీ అంటే ఏంటో చెప్తారు. అదే ల్యాబ్ రిపోర్టులో పూర్తి పేరు చదవమంటే మాత్రం మొదట్లోనే ఆగిపోతారు. బైపీసీ పిల్లలకీ ఇదే టెన్షన్. అందుకే ఆ పేరుతోనే మొదలుపెడదాం: ఎంటరోసైటోజోఆన్ హెపటోపినీఐ.

1. ముందు నోరు తెరవకండి, పెన్సిల్ తీసుకోండి. అర్థం మారిన చోటల్లా ఒక గీత పెట్టండి. ఎంటరో అంటే పేగు, సైటో అంటే కణం, జోఆన్ అంటే జీవి, హెపటో అంటే కాలేయం, పినీఐ అంటే పీనియస్ రొయ్యకు చెందినది. రొయ్య హెపటోపాంక్రియాస్ (కాలేయంలా పనిచేసే జీర్ణగ్రంథి) కణాల్లో చేరి ఎదుగుదలని దెబ్బతీసే పరాన్నజీవికి ఈ పేరెందుకు పెట్టారో గీతలు పెడుతుండగానే తెలిసిపోతుంది. పైగా ఇవే ముక్కలు హెపటైటిస్‌లో, సైటోప్లాజంలో మళ్లీ ఎదురవుతాయి, కాబట్టి ఒకసారి పడ్డ కష్టం వృథా పోదు.

2. ఇప్పుడు సిలబుల్స్. అచ్చు శబ్దం ఎన్నిసార్లు వినిపిస్తే అన్ని సిలబుల్స్, స్పెల్లింగులో అచ్చులు ఎన్ని ఉన్నాయన్నది లెక్క కాదు. ఎన్-ట-రో-సై-టో-జో-ఆన్, ఏడు. హె-ప-టో-పి-నీ-ఐ, ఆరు. ఇలా తెలుగులో రాసుకోవడం మంచిదే, కానీ స్పెల్లింగులో రెండు ఎమ్‌లు కనిపించాయని అమ్మోనియా అనొద్దు, అమోనియా చాలు.

3. న్యుమోనియా, సైకాలజీ పదాల మొదట్లో ఉన్న పీ పలకదు. క్రోమోజోమ్‌లో సీహెచ్‌ని క అనాలి. జైలమ్ మొదట్లో ఉండేది ఎక్స్ అయినా జ అనే పలకాలి.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది స్ట్రెస్. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం, ఇంగ్లిష్‌లో మాత్రం ఒక సిలబుల్‌ని గట్టిగా నొక్కి, పక్కవాటిని తేలిగ్గా వదిలేస్తారు, మనం చెప్పింది అవతలివాళ్లకి అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. చివర ఇక్ ఉంటే దాని ముందు సిలబుల్‌ని నొక్కండి: సైంటిఫిక్‌లో టి. చివర లజీ ఉన్నా అంతే, టాక్సికాలజీలో కా. ఆర్సెనిక్ లాంటివి కొన్ని ఈ దారిలోకి రావు, అక్కడ మొదటి సిలబుల్‌నే నొక్కాలి.

5. ఇక తోక నుంచి పలకండి. డీఎన్ఏ పూర్తి పేరులో మొదటి మాటనే తీసుకోండి: ఇక్, క్లీఇక్, న్యూక్లీఇక్, రైబోన్యూక్లీఇక్, డీఆక్సీరైబోన్యూక్లీఇక్. నొక్కాల్సిన క్లీ చివర్లోనే ఉంది కాబట్టి అది ముందే నోటికి అలవాటవుతుంది.

తర్వాత ఆన్‌లైన్ డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి సరిచూసుకోండి. ఈహెచ్‌పీ పూర్తి పేరులాంటి లాటిన్ పేర్లను మాత్రం ఒక్కో దేశంలో ఒక్కోలా పలుకుతారు, చివర్లో పెనేఇ అని వినపడినా కంగారు పడకండి.