కొట్టని, తిట్టని ఇంటి కథ రాయడం ఎలా

బెల్టు దెబ్బను రాయడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. చెయ్యి లేస్తుంది, పిల్లవాడు ముడుచుకుపోతాడు, ఎవరి పక్షాన నిలబడాలో పాఠకుడికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. వేళకు అన్నం పెట్టి, మంచి బడిలో చేర్పించి, ఒక్కనాడూ చెయ్యి చేసుకోని తల్లిదండ్రుల దగ్గర పెరిగి కూడా, తనకంటూ ఎవరూ లేరన్న భావంతోనే ఎదిగిన మనిషి కథ రాయడం అంతకన్నా చాలా కష్టం. అక్కడ చూపించడానికి జరిగిన సంఘటన ఉండదు, జరగవలసినది జరగకపోవడమే ఉంటుంది. మన కుటుంబ కథల్లో ఇటువంటి ఇళ్ళు తరచుగానే కనిపిస్తున్నాయి గాని, వాటిని రాసేటప్పుడు చాలామంది రెండు చోట్ల తొందరపడతారు. నిర్లక్ష్యాన్ని దృశ్యంగా చూపకుండా ఒక వాక్యంతో ప్రకటించి ఊరుకుంటారు, ఆ వెంటనే నేరమంతా తల్లి మీద మోపి తీర్పు చెప్పేస్తారు. ఈ తొందరను తప్పించుకునే పద్ధతి గురించే ఈ వ్యాసం.

ముందుగా, ఆ రోజు పిల్ల పెద్దవాళ్ళ దగ్గరకు ఏం పట్టుకొచ్చిందో తేల్చుకోవాలి. పిల్ల చెయ్యి చాచి ఉంటేనే ఆ చేతిని ఎవరూ అందుకోలేదన్న సంగతి పాఠకుడికి కనిపిస్తుంది. పట్టుకొచ్చినది ఊడిన పాలపన్ను కావచ్చు, మోకాలి మీద గీరుకున్న దెబ్బ కావచ్చు, బళ్ళో విని అర్థంకాని మాట కావచ్చు. అది ఎంత చిన్నదైతే దృశ్యం అంత బలంగా వస్తుంది. పెద్ద విపత్తులో పట్టించుకోని తల్లిదండ్రులను పాఠకుడు సులువుగా అసహ్యించుకుంటాడు, చిన్న విషయంలో పట్టించుకోనివాళ్ళలో మాత్రం తనను తాను చూసుకుంటాడు.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహిద్దాం. సంవత్సరం 2005. విజయవాడ గవర్నరుపేటలో తండ్రికి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. కొడుకు ఇంటర్ రెండో ఏడు చదువుతూ ఎంసెట్‌కు కూర్చోబోతున్నాడు, అందుకని ఇంట్లో టీవీ కేబులు తీయించేశారు. కూతురు మాధవికి పదేళ్ళు. ఈ ఇంటిని గురించి తొలి రాతలో సాధారణంగా ఇలా వస్తుంది: "మాధవిని ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. అమ్మానాన్నలకు అన్నయ్యే లోకం." ఇందులో అబద్ధం లేదు, కాని పాఠకుడు చూడడానికీ ఏమీ లేదు. దాన్నే ఇలా రాయవచ్చు:

"ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని మాధవి వంటింటి గుమ్మంలో నిలబడింది. 'అమ్మా, సంతకం.' అమ్మ పాలగిన్నె దింపుతూ, 'అన్నయ్య లేచాడేమో చూడమ్మా, ఈ గ్లాసు ఇచ్చిరా' అంది. ఇచ్చి వచ్చేసరికి అమ్మ స్నానానికి వెళ్ళిపోయింది. నాన్న షాపు తాళాలు వెతుక్కుంటున్నారు. ఫ్రిజ్ మీద ఉన్నాయని మాధవే చెప్పింది. 'మా తల్లే' అని తల నిమిరి, ఆయన స్కూటరు తీశారు. లెక్కల్లో 25కి 24 వచ్చాయి. రిక్షాలో, పుస్తకాల సంచి మీద కార్డు పెట్టుకుని, మాధవి నాన్న సంతకం పెట్టింది. చివర తోకను కూడా ఆయన తిప్పినట్టే పైకి తిప్పింది."

ఈ కొద్ది పంక్తుల్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. తల్లి కూతురిని "చూడమ్మా" అనే పిలిచింది, తండ్రి తల నిమిరాడు కూడా. మార్కులు బాగా వచ్చాయి కనుక కార్డును దాచుకోవడానికి దొంగ సంతకం పెట్టిందని అనుకోవడానికి వీల్లేదు. ఇక్కడ నేను అన్నిటికన్నా విలువ ఇచ్చేది తాళాల సంగతికి. ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో ఆ పిల్లకు తెలుసు, ఆ పిల్లకు ఏం కావాలో ఎవరికీ తెలియదు. ఈ అసమానతను ఒక వస్తువు ద్వారా చూపగలిగితే, దాన్ని వివరించే వాక్యాలను ధైర్యంగా కొట్టేయవచ్చు.

దృశ్యం నడక విషయంలో ఒక ప్రయోగం రచయితలకు చాలా పనికొస్తుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లి తన పసిబిడ్డతో మామూలుగా ఆడుతూ ఉండి, తర్వాత కొద్ది నిమిషాలపాటు ఏ కదలికా లేని ముఖంతో బిడ్డను చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వి పలకరిస్తుంది. ఫలితం లేకపోతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. చివరకు ముఖం పక్కకు తిప్పేసుకుని తనలోకి తాను ముడుచుకుంటుంది. కథలో కూడా నిర్లక్ష్యానికి ఇదే క్రమం ఉంటుంది. చాలా కథలు పిలుపు దగ్గర మొదలై, జవాబు రాకపోవడం దగ్గర ఆగిపోతాయి. పిల్ల ముఖం తిప్పుకున్న తర్వాత ఏం చేసిందన్నదే కథకు ప్రాణం. మాధవి సంతకం పెట్టడం ఆ ముఖం తిప్పుకోవడమే.

అదే పరిశోధన మరో హెచ్చరిక కూడా చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా చాలా సమయం పొంతన కుదరదనీ, తప్పిపోయిన పొంతనను మళ్ళీ కలుపుకోవడంలోనే బిడ్డకు నమ్మకం కుదురుతుందనీ ట్రోనిక్ తర్వాతి రచనల్లో వివరించాడు. బ్రిటిష్ శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్ కూడా 1953లోనే, బిడ్డకు కావలసింది లోపమే లేని తల్లి కాదనీ, చాలినంత మంచి తల్లి ఉంటే సరిపోతుందనీ రాశాడు. కనుక ఒక ఉదయం సంతకం పెట్టకపోవడం నిర్లక్ష్యం కాదు. అది అలవాటై ఉండాలి, ఆ సాయంత్రం కూడా ఎవరూ అడిగి ఉండకూడదు. అలవాటును చూపడానికి అదే దృశ్యాన్ని నాలుగుసార్లు రాయనవసరం లేదు. పిల్ల నేర్పును చూపితే చాలు. సంతకం తోక అంత బాగా కుదిరిందంటే అది మొదటిసారి కాదని పాఠకుడు గ్రహిస్తాడు.

పిల్లల దృష్టికోణంలో రాస్తున్నప్పుడు "నన్ను నిర్లక్ష్యం చేస్తున్నారు" అన్న జ్ఞానాన్ని ఆ పిల్లకు ఇవ్వకూడదు. పదేళ్ళ పిల్లకు తన ఇల్లే లోకం, పోల్చుకోవడానికి మరో ఇల్లు ఉండదు. జవాబు రానప్పుడు, అడగడమే తన తప్పని అనుకుంటుంది. "అడగందే అమ్మయినా పెట్టదు" అన్న సామెత వింటూ పెరిగిన పిల్ల, అడిగినా దొరకదని తెలిశాక, అడగకపోవడాన్నే మంచితనంగా మార్చుకుంటుంది. బంధువులు దాన్ని మెచ్చుకుంటారు కూడా: "మాధవి బంగారం, దాని గోల అంటూ ఏమీ ఉండదు." పెళ్ళిళ్ళలో, సంక్రాంతి సెలవుల్లో పిన్నులూ అత్తలూ అనే ఇటువంటి మాటలను జాగ్రత్తగా వాడితే, గాయాన్ని పొగడ్తలోనే చూపవచ్చు. పెద్దయ్యాక ఆ మనిషి ఎలా ఉంటుందో చూపడానికి కన్నీళ్ళు వద్దు. హోటల్లో ఏం తింటావని అడిగితే "ఏదైనా పర్లేదు" అంటుంది. జ్వరం వస్తే తానే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళి, తగ్గాక ఎప్పుడో మాటల మధ్యలో చెబుతుంది. భర్త దాన్ని అపనమ్మకంగా అర్థం చేసుకుంటాడు. ఆ దంపతుల తగాదా నుంచే మీ కథ మొదలు కావచ్చు.

ఇక తల్లిదండ్రుల సంగతి. వాళ్ళను రాసే ముందు, కథలోకి రాకపోయినా సరే, తల్లి ఒక రోజును తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు గంటగంటకూ కాగితం మీద పెట్టండి, తర్వాత తండ్రి రోజును కూడా అలాగే పెట్టండి. మాధవి తల్లి 4 గంటలకు లేచి కొడుక్కి టీ పెడుతుంది, అత్తగారికి వేన్నీళ్ళు కాస్తుంది, మూడు క్యారియర్లు సర్దుతుంది. ఆ కాగితం చూస్తే, ఆ ఇంట్లో కూతురితో కూర్చునే పావుగంట ఎక్కడికి పోయిందో, దాన్ని ఎవరు తినేశారో కనిపిస్తుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆమెకు తెలుసా? తెలిసి చేయగలిగే స్థితిలో ఉందా? చేయగలిగి ఉండి మానేసిందా? తెలియకపోవడం, చేతకాకపోవడం, వద్దనుకోవడం వేర్వేరు బరువులున్న తప్పులు. నింద బరువును కథకుడు వీటిని బట్టి తూచాలి.

తల్లి మీద నింద ఎంత సులువుగా పడుతుందో రచయిత ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అనేస్తాం, ఎద్దు ఎక్కడ మేసిందో ఎవరూ అడగరు. తండ్రి ఇంట్లో లేకపోవడం సంపాదనగా లెక్కకు వస్తుంది, తల్లి ఇంట్లో ఉండి చూడకపోవడం నేరంగా లెక్కకు వస్తుంది. వైద్య శాస్త్రమే ఈ తప్పులో పడిన కాలం ఉంది. 1948లో మనోవైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్-రైష్‌మన్ స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధికి తల్లి ప్రవర్తనను కారణంగా చూపింది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ప్రేమలేని చల్లని మనుషులని మనోవైద్యుడు లియో కానర్ 1949లో రాశాడు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ నిందను మరింత ప్రచారంలోకి తెచ్చాడు. తానే ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్, అది శరీర సంబంధమైనదని 1964లోనే వాదించినా, ఎందరో తల్లులు ఆ నేరారోపణను ఏళ్ళ తరబడి మోశారు. కాబట్టి పాత్రకు ఏదైనా మానసిక వ్యాధి పెట్టి, దాని కారణాన్ని నేరుగా తల్లి మీదకు తోసే కథనాన్ని మానుకోవాలని నేను గట్టిగా కోరతాను. నిర్లక్ష్యం మనిషిని గాయపరుస్తుందన్నది నిజమే, కాని ప్రతి గాయానికీ నిర్లక్ష్యమే మూలం కాదు.

దూరంగా ఉండడాన్నీ నిర్లక్ష్యాన్నీ ఒకే గాట కట్టడం కూడా తరచుగా జరిగే పొరపాటు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్ళి, పిల్లలను అమ్మమ్మల దగ్గర ఉంచారు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల తండ్రులు దుబాయి లేబర్ క్యాంపుల నుంచి ఐఎంవో వీడియో కాల్‌లోనే పిల్లలను పెంచారు. అక్కడి నుంచి ఫోను చేసి, "నిన్న సైన్సు పరీక్ష అన్నావు, ఎట్ల రాసినవ్ బిడ్డా?" అని అడిగే తండ్రి, పక్క గదిలో ఉండి అడగని తండ్రి కన్నా దగ్గరివాడు. వలస కుటుంబాన్ని రాసేటప్పుడు నింద అప్పుకూ, ఏజెంటుకూ, వానలు లేని పొలానికీ కూడా పంచాలి. అలాగని పిల్లల బాధను తగ్గించి రాయకూడదు. అమ్మ తప్పు లేదని తెలిసినంత మాత్రాన, అమ్మ లేని జ్వరం తేలికపడదు.

నిందను పాత్ర నోటితో పలికించవలసిన దృశ్యం ఎప్పుడో వస్తుంది. దానికి మహాభారతం ఉద్యోగపర్వం కన్నా మంచి పాఠశాల నాకు తెలియదు. యుద్ధానికి ముందు గంగ ఒడ్డున కుంతి కర్ణుడికి అతడి జన్మరహస్యం చెప్పినప్పుడు, ఇన్నాళ్ళూ తల్లిగా ఏమీ చేయక ఇప్పుడు నీ మేలు కోసమే వచ్చావని అతడు ఆమె ముఖం మీదే అంటాడు. అంటూనే, అర్జునుడిని తప్ప తక్కిన నలుగురినీ చంపనని, ఎలాగైనా ఆమెకు ఐదుగురు కొడుకులు మిగులుతారని మాట ఇస్తాడు. నిందా తగ్గలేదు, ఇవ్వడమూ ఆగలేదు. అంతకు ముందు కృష్ణుడితో మాట్లాడుతూ, తనను చూడగానే పెంపుడు తల్లి రాధకు పాలు చేపాయనీ, ఆమె తన మలమూత్రాలు ఎత్తిందనీ చెబుతాడు. ప్రేమను గురించి ఒక్క విశేషణం లేకుండా, ఎవరు తల్లో తేల్చేసిన మాట అది. మీ కథలో కూడా ఆ పిల్లకు ఒక రాధ ఉందేమో వెతకండి. మేడ మీద అద్దెకున్న టీచరుగారో, షాపులో పనిచేసే గుమాస్తానో కావచ్చు. అటువంటి మనిషి ఒకరుంటే తల్లిదండ్రుల లోటు మరింత స్పష్టంగా తెలుస్తుంది.

తెలుగింట్లో ఆ నిలదీతకు వచ్చే జవాబు దాదాపు ఒకటే: "నీకేం తక్కువ చేశాం?" దీన్ని మూర్ఖపు మాటగా రాస్తే దృశ్యం చచ్చిపోతుంది. ఆ ప్రశ్న నిజాయితీగానే వస్తుంది. వాళ్ళు కట్టిన ఫీజులు, కుదువపెట్టిన గాజులు, మానుకున్న తిరుపతి ప్రయాణాలు అన్నీ నిజమే. తాము పెరిగిన ఇళ్ళలో ప్రేమకు అదే కొలత కనుక వాళ్ళు అదే ఇచ్చారు. మాధవి దగ్గర దీనికి దీటైన జవాబు ఉండకూడదు. ఆమె తడబడి, "సంతకం..." అని ఆగిపోవచ్చు. ఏ సంతకమో తల్లికి గుర్తుండదు. గుర్తులేకపోవడమే అక్కడ అసలైన సాక్ష్యం. ఆ తర్వాత తండ్రిని గుండెపోటుతో పడగొట్టి, ఆసుపత్రి మంచం దగ్గర అందరినీ ఏడిపించి కలిపేయకండి. చావు భయం ఎవరికైనా క్షమాపణ చెప్పిస్తుంది గాని, అది పెంపకం గురించి ఏమీ తేల్చదు. తల్లి వారం తర్వాత ఫోను చేసి, మామూలుగా మాట్లాడి, పెట్టేసే ముందు "ఇవాళ ఏం వండుకున్నావు?" అని మొదటిసారి అడిగితే, ఆ ముగింపు నాకు చాలు.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఎర్ర పెన్నుతో రెండు పనులు చేయండి. పాత్రలు కాకుండా కథకుడే నింద వేసిన ప్రతి వాక్యం కింద గీత గీసి, ఆ వాక్యం తీసేసినా పక్కనున్న దృశ్యం నిలుస్తుందేమో చూడండి. నిలవకపోతే వాక్యాన్ని ఉంచకుండా, దృశ్యాన్నే మళ్ళీ రాయండి. తర్వాత ప్రతిని పిల్లలను పెంచుతున్న ఒకరికీ, ఇంకా తల్లిదండ్రుల చాటునే ఉన్న ఒకరికీ ఇచ్చి, ఈ ఇంట్లో ఎవరిది తప్పని అడగండి. ఇద్దరూ ఆలోచించకుండా ఒకే పేరు చెబితే, తల్లిదండ్రుల గంటల లెక్క రాసుకున్న కాగితం దగ్గరకు తిరిగి వెళ్ళండి.