మెరూన్ కారు రంగు చెడిందా? తప్పు ఏ పొరలో ఉందో ముందు చూడండి

పాత కార్లకు మెరూన్ ఎందుకంత నప్పుతుందో తెలియాలంటే బండిని కాసేపు నీడలో, కాసేపు ఎండలో నిలబెట్టి చూడాలి. నీడలో దాదాపు నల్లగా ఉంటుంది. ఎండ తగలగానే మడ్‌గార్డు వంపు మీద ఎరుపు రాజుకుంటుంది, వంపు కిందికి దిగేచోట మళ్లీ నలుపులో కలిసిపోతుంది. గుండ్రటి మడ్‌గార్డులు, పొడవాటి బానెట్, మందపాటి క్రోమ్ బంపర్లు ఉన్న కార్ల ఆకారాన్ని ఇంత బాగా చూపించే రంగు మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

ఈ అందం ఎక్కడి నుంచి వస్తుందో కష్టాలూ అక్కడి నుంచే వస్తాయి. మంచి మెరూన్‌లో వాడే ఎర్ర పిగ్మెంట్లు (పెయింట్‌కు రంగునిచ్చే సన్నటి పొడులు) చాలావరకు పారదర్శకంగా ఉంటాయి. వెలుతురు పైపైనే ఆగకుండా లోపలికి దిగి, కింది పొరను తాకి, ఎర్రబడి బయటికి వస్తుంది. అందుకే ఆ లోతు. అంటే కింద ఏముంటే దాని ఛాయ పైకి వస్తుంది. కాబట్టి లోపం కనిపించగానే పాలిష్ డబ్బా అందుకోకండి. లోపం ఏ పొరలో ఉందో ముందు తేల్చుకోండి.

మొదట: మీ బండి మీద ఉన్నది ఏ పెయింట్?

డిక్కీ మూత లోపలి అంచు లాంటి కనిపించని చోట తెల్ల గుడ్డతో కొద్దిగా పాలిష్ రుద్దండి. గుడ్డ ఎర్రబడితే అది సింగిల్ స్టేజ్, రంగూ మెరుపూ ఒకే పొరలో ఉన్నాయి. గుడ్డకు రంగు అంటకపోతే పైన క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పొర, ఉన్నట్టు. సింగిల్ స్టేజ్ అని తేలితే లక్కర్ థిన్నర్‌తో తడిపిన గుడ్డను అక్కడే కాసేపు ఆనించండి. రంగు సులువుగా కరిగి వచ్చేస్తే అది లక్కర్. డ్యూపాంట్ 1920లలో డ్యూకో పేరుతో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ కార్ల పెయింటింగ్‌నే మార్చేసింది. చేత్తో రోజుల తరబడి వేసి ఆరబెట్టే పని స్ప్రే గన్‌తో గంటల్లోకి వచ్చింది. పాత బండి కొన్నవాళ్లకు ఆ లక్కర్ ఇప్పటికీ ఎదురవుతుంది. థిన్నర్‌కు పెయింట్ ముడతలు పడితే అది ఎనామెల్ కావచ్చు. ఏమీ కాకపోతే చాలావరకు గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడే టూ-ప్యాక్ పెయింటే.

లక్షణం: బానెట్, రూఫ్ గులాబీ రంగుకు తిరిగాయి, డోర్లు మాత్రం బాగున్నాయి

ఎండ నేరుగా పడేది పైభాగాల మీదే. అక్కడ పై పొర గరుకెక్కి, సుద్ద పట్టినట్టు అవుతుంది. గరుకు మీద వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు ముదురు ఎరుపుతో కలిస్తే గులాబీ.

ఇక్కడ చిన్న పరీక్ష ఉంది. వెలిసినచోట నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు పాత రంగు తిరిగి వస్తే పిగ్మెంట్ ఇంకా బతికే ఉంది, చెడింది పై గరుకు మాత్రమే. తడిపినా వెలిసినట్టే ఉంటే ఎండకు పిగ్మెంటే పోయింది. పాతకాలపు టొలుయిడిన్ రకం ఎరుపులకు ఈ బలహీనత ఎక్కువ. క్వినాక్రిడోన్ పిగ్మెంట్లను డ్యూపాంట్ 1958లో మార్కెట్లోకి తెచ్చింది. అవి, పెరిలీన్ మెరూన్లు వచ్చాక ఎండకు ఓర్చుకునే మెరూన్ దొరికింది. రెస్టోరేషన్‌కు రంగు కలిపించేటప్పుడు వీటిలో ఏది వాడుతున్నారో అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

పిగ్మెంట్ బతికి ఉంటే: బండి కడిగి, క్లే బార్ అనే మెత్తటి ముద్దతో మురికి లాగేసి, నూనె ఎక్కువగా ఉండే గ్లేజ్‌ను మందంగా పట్టించి రాత్రంతా వదిలేయండి. పొడిబారిన సింగిల్ స్టేజ్ దాన్ని పీల్చుకుంటుంది. మర్నాడు తుడిచి, మెత్తటి ప్యాడ్‌తో, సన్నటి పాలిష్‌తో మాత్రమే చేయండి. ముతక కాంపౌండ్‌తో మొదలుపెట్టకండి. పాత పెయింట్ ఎంత మిగిలిందో కంటికి తెలియదు. మందం కొలిచే గేజ్ ఉంటే ప్రతి ప్యానెల్ మీదా పెట్టి చూడండి. లేకపోతే అంచుల మీద, బాడీ గీతల మీద టేపు వేసి వదిలేయండి. రంగు కింద ఉండే ప్రైమర్ బయటపడేది మొదట అక్కడే.

పైన క్లియర్ కోట్ ఉండి, అది తెల్లటి మచ్చలుగా లేచి అంచులు ఊడుతుంటే పాలిష్‌తో పని కాదు. ఆ ప్యానెల్‌ను గట్టి పొర వచ్చేదాకా శాండ్ పేపర్ పట్టి, క్లియర్ కింది రంగు పొర (బేస్) నుంచి మళ్లీ వేయాల్సిందే.

లక్షణం: కొత్తగా వేసిన రంగు శాంపిల్‌లా లేదు, గోధుమగా లేదా మచ్చలుగా ఉంది

ముందు బండిని బయటికి తీయండి. పసుపు వెలుతురు ఇచ్చే బల్బుల కింద మెరూన్ గోధుమ రంగులా కనిపిస్తుంది, పగటి వెలుతురులో అదే రంగు సరిగ్గా ఉండొచ్చు. మెరూన్‌ను ఎప్పుడూ పగటి వెలుతురులోనే పోల్చాలి.

బయట కూడా తేడా ఉంటే తప్పు దాదాపు ఎప్పుడూ కింది పొరదే. ఒకచోట పుట్టీ, ఒకచోట లేత బూడిద ప్రైమర్, ఇంకోచోట పాత పెయింట్ ఉండగా పైన నేరుగా మెరూన్ వేస్తే, మూడూ మూడు రకాల ఎరుపుగా కనిపిస్తాయి. ఇంకో రెండు కోట్లు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పారదర్శకమైన రంగును ఎంత మందంగా వేసినా కిందిది కప్పడం కష్టం. పైగా మందం పెరిగితే లోపల చిక్కుకున్న సాల్వెంట్ బుడగలుగా లేస్తుంది.

పరిష్కారం: మెరూన్‌కు ముందు ప్యానెల్ అంతా ఒకే రంగు కింది పొర (గ్రౌండ్ కోట్) వేయండి. పెయింట్ కంపెనీ ఫార్ములాలో ఆ మెరూన్‌కు ఎంత ముదురు బూడిద ప్రైమర్ కావాలో సాధారణంగా చెబుతారు, అదే వాడండి. నలుపు తెలుపు గడులున్న చిన్న స్టిక్కర్‌ను పరీక్ష ముక్క మీద అంటించి రంగు వేసుకుంటూ పోతే, గడులు కనిపించకుండా పోయేందుకు ఎన్ని కోట్లు కావాలో తెలుస్తుంది. బండి మీద కూడా అన్నే వేయండి.

లక్షణం: మెరూన్ మీద వేసిన తెలుపు లేదా క్రీమ్ గులాబీ అయింది

బండికి రెండు రంగులు (టూ-టోన్) వేయించేవాళ్లకు ఇది ఎదురవుతుంది. పాత ఎరుపుల్లో కొన్ని కొత్త పెయింట్‌లోని సాల్వెంట్‌కు కరిగి పైకి ఊరుతాయి. పైన మళ్లీ తెలుపు వేస్తే అదీ గులాబీ అవుతుంది. గులాబీ అయిన పొరను తీసేసి, ఎరుపును ఆపే సీలర్ లేదా ఎపాక్సీ ప్రైమర్ వేసి, పూర్తిగా గట్టిపడనిచ్చి, ఒక చిన్న చోట తెలుపు వేసి మర్నాటిదాకా చూశాకే మిగతాది వేయండి.

లక్షణం: క్యాండీ మెరూన్‌లో చారలు

కస్టమ్ కార్ల అసలు వైభవం ఇదే. అమెరికాలో కస్టమ్ కార్లు చేసే జో బైలాన్ 1950లలో క్యాండీ యాపిల్ రెడ్‌కు పేరు తెచ్చాడు. మెరిసే వెండి లేదా బంగారు బేస్ మీద పారదర్శకమైన రంగు పొరలు వేయడమే క్యాండీ పద్ధతి. మెరూన్ క్యాండీ కింద బంగారు బేస్ ఉంటే ఎండలో నిప్పుకణికలా వెలుగుతుంది, వెండి బేస్ అయితే కొంచెం చల్లగా, వైన్ రంగులోకి వెళ్తుంది. నాకు బంగారు బేసే ఇష్టం.

దీనిలో ప్రతి పొరా రంగును ముదురు చేస్తుంది. గన్ ఒకచోట రెండుసార్లు తిరిగితే అక్కడ ముదురు చార పడుతుంది. ఒక స్ట్రోక్ మీద ఇంకొకటి 50 నుంచి 75 శాతం పడేలా, గన్ దూరం మారకుండా, ప్యానెల్ ఒక చివర నుంచి ఇంకో చివరదాకా ఆగకుండా వెళ్లాలి. పల్చటి కోట్లు ఎక్కువగా వేయడం, మందపాటి కోట్లు తక్కువగా వేయడం కంటే చాలా మేలు. డోర్, బానెట్ విడివిడిగా వేస్తే అన్నిటికీ కోట్లు సమానంగా పడాలి, లెక్క రాసుకోండి. చార చిన్నదైతే పక్కన పల్చగా వేసి కలపొచ్చు. పెద్దదైతే బేస్ దాకా వెళ్లి మళ్లీ చేయడం తప్ప దారి లేదు. క్యాండీలో రంగు పిగ్మెంట్ కాకుండా కరిగిపోయే డై అయితే ఎండకు త్వరగా వెలుస్తుంది. యూవీని ఆపే క్లియర్ తప్పనిసరి. బండిని నీడలో ఉంచడం కూడా అంతే ముఖ్యం.

టూ-ప్యాక్ క్లియర్ కొట్టేటప్పుడు మామూలు గుడ్డ మాస్క్ సరిపోదు. హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులను పాడుచేస్తాయి, ఆస్తమా తెప్పిస్తాయి. బయటి నుంచి గాలి అందించే మాస్క్, చేతులకు గ్లవ్స్ లేకుండా గన్ పట్టుకోవద్దు.

లక్షణం: ఎండలో సాలెగూడు లాంటి గీతలు

ముదురు రంగు కాబట్టి కడిగేటప్పుడు పడిన ప్రతి సన్నటి గీతా కనిపిస్తుంది. రెండు బకెట్లతో (ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి) కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, సన్నటి పాలిష్ వాడితే చాలావరకు పోతాయి.

లక్షణం: టచప్ చేసిన చోటు కనిపిస్తోంది

రంగు కోడ్ సరైనదే అయినా పాత మెరూన్ ఎండకు కొంత మారి ఉంటుంది. మెటాలిక్ అయితే గన్ ప్రెషర్ తేడాకే ఛాయ మారుతుంది. కోడ్‌ను నమ్మకుండా, పెట్రోల్ మూత వెనక ఒక చోట పాలిష్ చేసి ఆ రంగుతో పోల్చి కలిపించండి. కొత్త రంగును మచ్చ దగ్గరే ఆపకుండా పక్కకు పల్చబరుస్తూ పోవాలి. డోర్ అంచు దగ్గరి దెబ్బ అయితే పక్క మడ్‌గార్డులోకీ కొంచెం వెళ్లాలి. ఆ తర్వాత క్లియర్‌ను రెండు ప్యానెళ్ల మీదా పూర్తిగా, చివరి నుంచి చివరిదాకా వేయాలి. మధ్యలో ఆపిన క్లియర్ అంచు కొన్నాళ్లకు గీతలా బయటపడుతుంది.