ఆస్పత్రి ప్రయాణ ఛార్జీలు రావడం లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డున్న మాజీ సైనికులు వైద్యం కోసం అంత దూరం వెళ్ళొచ్చి, ఛార్జీల క్లెయిమ్ తిరిగొస్తే వదిలేస్తున్నారు. వదిలేయకండి. చాలాసార్లు లోపం ఒక్క కాగితం దగ్గరే ఉంటుంది.

క్లెయిమ్ మొత్తంగా వెనక్కి వచ్చిందా? ముందు రెఫరల్ (వేరే ఆస్పత్రికి పంపుతూ పాలీక్లినిక్ డాక్టరు రాసిచ్చే కాగితం) తీసి తేదీ చూడండి. ప్రయాణం తర్వాత రాయించుకున్నదైతే చిక్కే. ఇంకో కారణం కూడా ఉంటుంది: ఆ వైద్యం కర్నూలులోనే ఎంప్యానెల్ ఆస్పత్రిలో (పథకం జాబితాలో ఉన్న ఆస్పత్రిలో) దొరుకుతున్నా, మనకు నమ్మకమున్న డాక్టరు హైదరాబాద్‌లో ఉన్నాడని వెళ్ళడం. వెళ్ళడం తప్పు కాదు గానీ, ఆ ఛార్జీలు అడగలేం. అందుకే బస్సెక్కక ముందే పాలీక్లినిక్‌లో, అంటే ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్‌లో, డాక్టరుకు చూపించి, ఈ వైద్యం ఇక్కడ లేదు, ఫలానా ఊరికి పంపుతున్నాం అని స్పష్టంగా రాయించుకోండి. ఆదోని, పత్తికొండ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇందుకోసం ఒక రోజు పోతుంది, నిజమే. అయినా ఆ రోజు పెట్టాల్సిందే.

ప్రాణం మీదికొచ్చినప్పుడు రెఫరల్ కోసం ఆగొద్దు. దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో చేర్చండి. అది ఎంప్యానెల్‌లో లేనిదైతే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ టెన్షన్‌లో ఇది గుర్తుండదు, కాబట్టి నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.

పేషెంటు ఛార్జీ వచ్చి, తోడు వెళ్ళినవాళ్ళది రాలేదంటే, తోడు మనిషి తప్పనిసరి అని డాక్టరు రాయలేదన్నమాట. డెబ్బై ఏళ్ళ మనిషి ఒంటరిగా ఎట్లా వెళ్తాడని మనకు అనిపిస్తుంది. ఫైలు చూసేవాళ్ళకు మాత్రం ఆ ఒక్క వాక్యం కనపడాలి. కారు మాట్లాడుకుని వెళ్ళినా, సైన్యంలోని హోదాను బట్టి ప్రయాణంలో ఏ క్లాసుకు అర్హత ఉందో అంతవరకే లెక్కగడతారు.

టికెట్ల విషయం నా అనుభవంతో చెప్తున్నా. మా నాయనను గుండె పరీక్షలకు తీసుకెళ్ళినప్పుడు ఆర్టీసీ టికెట్లు చొక్కా జేబులోనే ఉంచేశాను. క్లెయిమ్ పెట్టే నాటికి తెల్ల కాగితాలయ్యాయి. మిషన్ టికెట్ల మీద అక్షరాలు వేడికి, చెమటకు చెరిగిపోతాయి. దిగిన రోజే జెరాక్స్ తీసి, ఒరిజినల్ వెనక తేదీ, ఎక్కిన ఊరు, దిగిన ఊరు పెన్నుతో రాయండి. ఆస్పత్రిలో చూపించుకున్న తేదీ, టికెట్ తేదీ పొంతన కుదరాలి. మరుసటి రోజు రమ్మని ఆపేస్తే ఆ మాట ఓపీ చీటీ మీద రాయించుకోండి.

క్లెయిమ్ పాసైంది, డబ్బు మాత్రం ఖాతాలో పడలేదా? పాస్‌బుక్ చూడండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంక్ కెనరా బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (బ్యాంకు శాఖను గుర్తించే కోడ్) రాస్తే డబ్బు తిరిగిపోతుంది. కొత్త కోడ్ ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు జతచేయండి. కార్డులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరంగా ఉన్నా ఇబ్బందే. ముందు బ్యాంకులో పేరు సరిచేయించుకుని, ఆ తర్వాతే మళ్ళీ పంపండి.