తాతల నాటి సంఘం వెస్లియనా, ఆంగ్లికనా? పాత రిజిస్టర్లలో గుర్తుపట్టే పద్ధతి

చెన్నైలో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తెలుగు ఆరాధనకు వెళ్లే కుటుంబాలను మీ పెద్దలది ఏ మిషన్ అని అడిగితే, ‘మొదట్నుంచీ సి.ఎస్.ఐ.యే’ అనేస్తారు. అలా కుదరదు. సి.ఎస్.ఐ. పుట్టిందే 1947 సెప్టెంబర్ 27న, ఇదే ఊళ్లో, సెయింట్ జార్జ్ కెథీడ్రల్లో. అంతకు ముందు బాప్తిస్మం పొందిన తాత ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి శాఖ) అయినా కావాలి, వెస్లియన్ మెథడిస్టు (జాన్ వెస్లీ అనుచరుల సంఘం) అయినా కావాలి, లేదా లండన్ మిషన్ వంటివి కలిసిన సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్ మనిషైనా కావాలి.

ముందు ఊరు పట్టుకోండి. ఇప్పుడున్న ఊరు కాదు, బాప్తిస్మం జరిగిన ఊరు. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ వైపైతే చాలావరకు వెస్లియన్. డోర్నకల్, ఖమ్మం, బందరు, ఏలూరు, నంద్యాల అయితే ఆంగ్లికన్. జమ్మలమడుగు, గుత్తి లండన్ మిషన్ వాళ్లవి. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులవి, గుంటూరు లూథరన్లది. ఆ ఊళ్లయితే ఈ వెతుకులాట వేరే దారి పడుతుంది. బాగా పాత కాగితాల్లో నిజామాబాద్ ‘ఇందూరు’ అని ఉంటుంది, కంగారు పడకండి.

ఆ తర్వాత ఆ ఊరి పాస్టరేటుకు, అంటే పాస్టరుగారి కింద ఉన్న స్థానిక సంఘానికి, ఉత్తరం రాయండి. తాత పేరు, తల్లిదండ్రుల పేర్లు, సుమారు సంవత్సరం, దానికి అటూ ఇటూ అయిదేళ్లు చూడమని విన్నపం. ఇంటిపేరు ఒక్కటే ఇస్తే దొరక్కపోవచ్చు. బాప్తిస్మంలో పేరు మారి ఉంటే రెండు పేర్లూ ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం: సర్టిఫికెట్ చాలదు, రిజిస్టరు పేజీ ఫొటో కావాలని అడగండి. కొత్తగా రాసిచ్చే సర్టిఫికెట్ సి.ఎస్.ఐ. ఫారం మీద ఉంటుంది కాబట్టి పాత గుర్తులన్నీ అందులో చెరిగిపోతాయి. అయ్యగారు పనుల ఒత్తిడిలో ఉంటే ఊళ్లో ఉన్న మేనమామో పెదనాన్నో ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి ఫోనుతో తీసి పంపడం సులువు.

పేజీ వచ్చాక మామూలుగా చివరి గడి చూడండి, అంటే బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం, హోదా. సర్క్యూట్, సూపరింటెండెంట్, క్లాస్ లీడర్ అనే మాటలు కనిపిస్తే వెస్లియన్. వికార్, ఆర్చ్‌డీకన్ అనే హోదాలు, ఎస్.పి.జి., సి.ఎం.ఎస్. అనే ఆంగ్లికన్ మిషన్ల పేర్లు ఉంటే ఆంగ్లికన్. ‘క్లాస్’ అంటే బడి తరగతి అనుకోవద్దు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల సభామందిరం అప్పు తీర్చడానికి మనిషికి వారానికో పెన్నీ అనుకున్నారు. వసూలు కోసం పన్నెండు మందికో నాయకుణ్ణి పెట్టారు. అతను ఇంటింటికీ తిరుగుతుంటే వాళ్ల బతుకు తీరు కూడా తెలిసొచ్చింది. వసూళ్ల ఏర్పాటు కాస్తా మెథడిస్టు క్రమశిక్షణకు వెన్నెముక అయింది. మూడు నెలలకోసారి సభ్యుడి పేరుతో చిన్న టికెట్టు ఇచ్చేవారు. పాత బైబిల్లో అలాంటి చీటీ దొరికితే పారేయకండి.

అసలైన గుర్తు కన్ఫర్మేషన్, అంటే బాప్తిస్మం పొందినవాళ్లను పూర్తి సభ్యులుగా స్థిరపరచే ఆచారం. ఆంగ్లికన్లకు అది బిషప్ చేతుల మీదుగానే జరగాలి. వెస్లియన్లకు బిషప్పే లేడు; పాదిరిగారే పూర్తి సభ్యత్వంలోకి చేర్చుకునేవారు. కారణం తెలియాలంటే జాన్ వెస్లీ దగ్గరికి వెళ్లాలి. ఆయన 1728లో ఆంగ్లికన్ ప్రీస్టు అయ్యాడు, 1791లో చనిపోయేవరకూ అలాగే ఉన్నాడు. ఆక్స్‌ఫర్డులో తమ్ముడు చార్లెస్‌తో నడిపిన గుంపును గేలి చేస్తూ పెట్టిన పేరే మెథడిస్టులు. తన సొసైటీలు పారిష్ చర్చికి పోటీ కాకూడదని ఆయన పట్టు; బల్లకు (ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు) పారిష్ చర్చికే, అంటే తమ ఊరి ఆంగ్లికన్ చర్చికే, వెళ్లమనేవాడు. అమెరికా స్వతంత్రమయ్యాక అక్కడ బల్ల ఇచ్చేవాళ్లు కరువయ్యారు. అక్కడికి పాదిరులను అభిషేకించనని లండన్ బిషప్ అన్నాడు. దాంతో 1784లో బ్రిస్టల్లో వెస్లీ తానే ఇద్దరిని అభిషేకించి, థామస్ కోక్‌ను సూపరింటెండెంటుగా నియమించాడు. బిషప్ కానివాడు అభిషేకించడం ఆంగ్లికన్ క్రమానికి గొడ్డలిపెట్టు, చార్లెస్ మండిపడ్డాడు. చెప్పాలంటే ఈ విషయంలో తమ్ముడి లెక్కే సరైంది, చీలిక అక్కడే ఖాయమైంది. వెస్లీ పోయాక 1795లో ఛాపెళ్లలోనే బల్ల ఇచ్చుకోవడానికి షరతులతో ఒప్పందమైంది. 1817లో వెస్లియన్ మిషనరీ జేమ్స్ లించ్ మద్రాసు వచ్చేసరికి వెస్లియన్లు బిషప్పు అవసరం లేని సంఘంగానే వచ్చారు.

ఇక పప్పులో కాలేసే చోట్లు. ప్రార్థన మాటలు ఒకటే ఉన్నాయని ఆంగ్లికన్ అని తేల్చకండి. వెస్లీకి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకమంటే ప్రాణం. అమెరికాకు పంపింది కూడా దాన్నే కుదించి. ‘బిషప్’ అని కనిపించినా తొందరపడవద్దు. అమెరికన్ మెథడిస్టులకు బిషప్పులు ఉన్నారు. వికారాబాద్, జహీరాబాద్, బీదరు వైపు వాళ్లదే. వాళ్లు 1947లో కలవలేదు. ఇప్పటి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా వాళ్లదే. కాబట్టి ‘మెథడిస్టు’ అన్న ఒక్క మాటతో వెస్లియన్ అని రాసేసుకోకండి. నంద్యాలది మరో మెలిక: అక్కడి ఆంగ్లికన్లలో చాలామంది 1947లో కలవకుండా ఆగిపోయారు, అందుకే ఆ తర్వాతి కాగితాలూ ఆంగ్లికన్ తీరులోనే కనిపిస్తాయి. మిగతా చోట్ల 1947 తర్వాతి కన్ఫర్మేషన్ కాగితం దేనికీ రుజువు కాదు.

పేజీ చెదలు తినేసి ఉంటే బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌కు ముందుగా రాసి వెళ్లండి. ఇంగ్లండులో అయితే వెస్లియన్ మిషన్ కాగితాలు లండన్లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో, సి.ఎం.ఎస్.వి బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో, ఎస్.పి.జి.వి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడివి ఎక్కువగా మిషనరీల ఉత్తరాలు, నివేదికలు. మీ తాత పేరు దొరకడం అరుదు. ఆ ఊరికి ఎవరు, ఏ ఏట వచ్చారో మాత్రం దొరుకుతుంది. బ్రిటిష్ లైబ్రరీలోని ‘ఎన్/2’ వరుస మద్రాసు రిజిస్టర్లు ఆన్‌లైన్లో కనిపించినా, అవి ప్రధానంగా యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి. పల్లెటూరి తెలుగు సంఘం కోసం వాటికి డబ్బు కట్టకండి.