సి నుంచి లువా ఫంక్షన్‌ను పిలవడం – 3: స్టాక్ దగ్గరే ఆగుదాం

పోయిన పాఠంలో గుంటూరు మిర్చి యార్డు బిల్లు రాశాం కదా. టిక్కీల (మిర్చి బస్తాల) బరువు, క్వింటా ధర సి నుంచి పంపిస్తే లువా (సి ప్రోగ్రాంలో ఇమిడ్చే చిన్న స్క్రిప్ట్ భాష) లోని 'బిల్లు' ఫంక్షన్ మొత్తం ఇవ్వాలి. చాలామందికి మొదటి బిల్లు సరిగ్గానే వచ్చింది, లూపులో పెట్టేసరికి ప్రోగ్రాం పడిపోయింది. అందుకే ఈ వారం అనుకున్న కొత్త పాఠం ఆపేశాను.

ముందు చిన్నది. 'నిల్‌ను పిలిచారు' (నిల్ అంటే లువాలో విలువ లేదని) అని ఎర్రర్ వచ్చినవాళ్లు లోడ్‌ఫైల్ ఒక్కటే రాశారు, అది కంపైల్ చేసి ఊరుకుంటుంది, ఫైలు నడిస్తేనే ఫంక్షన్ పుడుతుంది. ఫంక్షన్ ముందు 'లోకల్' అని ఉన్నా, సి నుంచి పేరుతో వెతికే గెట్‌గ్లోబల్‌కు దొరకదు.

ఇక అసలు సంగతి, స్టాక్. సి, లువా విలువలు ఇచ్చిపుచ్చుకునే దొంతర అది. ఫంక్షన్, దాని మీద బరువు, దాని మీద ధర పెట్టి లువా_పీకాల్ (తప్పు వస్తే పట్టుకుంటూ ఫంక్షన్‌ను నడిపేది) అంటే ఆ మూడూ పోయి ఫలితం ఒక్కటి పైన ఉంటుంది. లువా_టునంబర్ దాన్ని చదువుతుంది అంతే, తీయదు. పాప్‌తో తీయాల్సింది మీరే, లేకపోతే లూపు తిరిగిన ప్రతిసారీ ఒకటి మిగులుతుంది. సి వైపు స్టాక్‌లో 20 ఖాళీలకే లువా హామీ ఇస్తుంది, అది దాటాక ఒకరి మెషిన్‌లో నడుస్తుంది, ఇంకొకరి దగ్గర పడిపోతుంది.

'పాప్ రాశాను సార్, అయినా పెరుగుతోంది' అన్నవాళ్ల కోడ్ కూడా చూశాను. పాప్ ఉంది, కానీ బిల్లు సరిగ్గా వచ్చిన దారిలోనే ఉంది! పీకాల్ సున్నా కానిది (అంటే తప్పు జరిగిందని) తిరిగిచ్చినా ఫంక్షన్, బరువు, ధర పోతాయి, వాటి చోట ఎర్రర్ మెసేజ్ ఒకటి వచ్చి కూర్చుంటుంది. మీరు దాన్ని ప్రింట్ చేసి రిటర్న్ అయిపోయారు. ధర రాక నిల్ వెళ్లిన ప్రతిసారీ స్టాక్‌లో ఒక మెసేజ్ మిగిలిపోతుంది. పైగా ఆ మెసేజ్ తర్వాత కావాలంటే పాప్ చేయకముందే కాపీ చేసుకోండి, తీసేశాక చెత్త సేకరణ (వాడని మెమరీని లువా తానే ఖాళీ చేయడం) దాన్ని ఎప్పుడైనా తుడిచేయొచ్చు.

నేనైతే పాప్‌లు లెక్కపెట్టను. ఫంక్షన్ మొదట్లో లువా_గెట్‌టాప్ విలువ (స్టాక్‌లో ఎన్ని ఉన్నాయో) దాచుకుంటాను, బయటికెళ్లే ప్రతి దారిలో లువా_సెట్‌టాప్‌కు అదే ఇస్తాను, అది స్టాక్‌ను మళ్లీ అంతకే తెస్తుంది. పీకాల్ బదులు ఉత్త కాల్ (లువా_కాల్) మాత్రం వాడకండి, పైన ఎవరూ పట్టుకోకపోతే లువాలో ఒక్క తప్పుకే మొత్తం ప్రోగ్రాం అబార్ట్ అవుతుంది.

అభ్యాసం: లక్ష సార్లు పిలవండి, ప్రతి మూడోసారి ధరగా నిల్ పంపండి. చివర్లో గెట్‌టాప్ మొదట ఉన్నంతే రావాలి. తర్వాత 'బిల్లు' మొత్తాన్ని, కమిషన్‌ను ఆ వరసలో రెండింటినీ ఇచ్చేలా మార్చండి, మైనస్ 1 (స్టాక్‌లో అన్నిటికన్నా పైచోటు) దగ్గర ఏది ఉంటుందో నడపకముందే కాగితం మీద రాసుకోండి.