పనిలో చేతుల రంగు మారితే

మచ్చ కనపడగానే పీచుతో తోమడం మొదలుపెట్టకండి. ఏ మందు తగిలిందో తెలిస్తేనే విరుగుడు తెలుస్తుంది.

గోధుమ రంగు మరకలు, గోళ్లు కూడా:
రొయ్యల చెరువుల్లో పర్మాంగనేట్ (ఊదారంగు గింజల మందు) చల్లేవాళ్లకు వచ్చేవి ఇవే. చర్మం మీద మాంగనీస్ డయాక్సైడ్ పొరలా అంటుకుంటుంది, సబ్బుకు లొంగదు. 500 మి.గ్రా. సి విటమిన్ బిళ్లలు నాలుగు నలిపి 100 మి.లీ. నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో దూది ముంచి రెండు మూడు నిమిషాలు అద్దితే మరక కరిగిపోతుంది. మేతలో కలిపే సి విటమిన్ కోటింగ్ వేసిన రకమైతే ఇలా పనిచేయకపోవచ్చు. చర్మం పగిలి ఉంటే మంటెత్తుతుంది, వదిలేయండి. నిమ్మచెక్క రుద్దుకుని గట్టు మీద ఎండలో తిరగడం మాత్రం వద్దు. ఆ రసానికి ఎండ తోడై చర్మాన్ని కాలుస్తుంది, ఉన్న మరకకు తోడు నల్లమచ్చలు మిగులుతాయి. పర్మాంగనేట్ గింజల్ని ఒట్టి చేత్తో, అందులోనూ తడి చేత్తో అసలు తీయకూడదు.

వేళ్లు నల్లబడి, పొట్టు లేవడం:
కోనసీమలోని మోరి ఊరి వైపు జీడిపిక్కలు కొట్టే షెడ్లలో మామూలే. గుల్లలోని నూనెకు కాల్చే గుణం ఉంది, నీళ్లకు పోదు. కొబ్బరినూనె పట్టించి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కిరోసిన్ వాడితే చర్మంలోని జిడ్డంతా పోయి మంట ఎక్కువవుతుంది. నల్లబడిన పొర కొన్ని వారాల్లో దానంతటదే ఊడిపోతుంది. బొబ్బలు లేస్తే చిదపకుండా డాక్టరుకు చూపించండి. పనికి ముందు చేతులకు ఆముదం రాసుకోవడం, నైట్రైల్ గ్లౌజులు వేసుకోవడం మంచిది.

పసుపు మచ్చ:
బంగారం పనిలో నైట్రిక్ ఆమ్లం పడితే వస్తుంది. వెంటనే 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. రంగు కడిగితే పోదు, కొత్త చర్మం వచ్చాకే పోతుంది.

తెల్లమచ్చలు:
చెప్పుల జిగురులో, కొన్ని రబ్బరు గ్లౌజుల్లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు రంగునిచ్చే కణాలనే చంపేస్తాయి. ఆ వస్తువు మానకపోతే, అది తగలని చోటికీ మచ్చలు పాకవచ్చు. మానేసి చర్మ డాక్టరును కలవండి. మచ్చ మీద స్పర్శ తగ్గిందంటే కుష్ఠు పరీక్ష చేయించాలి, పీహెచ్‌సీలో ఉచితం.

పెదవులు, గోళ్లు నీలంగా మారి ఆయాసం వస్తే అది చర్మం సమస్య కాదు. మందు తడిసిన బట్టలు విప్పించి, 108కి ఫోన్ చేసి, డబ్బా మీది లేబుల్ వెంట తీసుకెళ్లండి.